ఒరిజినల్ బేరింగు

మా ఆవిడ మా కారు ఎక్కడం మానేసి ఏడు నెలలైంది. శామీర్‌పేట చెరువు దాటాక రోడ్డు పక్కన పట్టుచీరలో నిలబడి, నా మొహం చూడకుండా, "ఇంకెప్పుడూ దీన్ని ఎక్కను" అంది. ముప్పై నాలుగేళ్ళ కాపురంలో ఆమె అన్న మాట తప్పడం నేను చూడలేదు. నేనూ తప్పను. మా ఇంట్లో ఉన్న ఇబ్బందే అది.

కారు అంబాసిడర్. గుండ్లపోచంపల్లిలో మా కాలనీకి అదొక కంటి నలుసు. పాత వాహనాలు గేటు లోపల పెట్టరాదని కాలనీ సంఘం వాళ్ళు ఒక కాగితం రాసి, నాకు చేతికివ్వకుండా, కారు ముందు అద్దానికి జిగురుతో అంటించారు. కాగితం దాచాను. జిగురు మరక అద్దం మీద ఇంకా ఉంది, నేను కావాలనే తుడవలేదు. సంఘం కార్యదర్శి రోజూ ఉదయం నడకకు వచ్చినప్పుడు నన్ను చూసి నవ్వుతాడు. నేను నవ్వను.

ఆ కారు నా దగ్గరికి ఎలా వచ్చిందో చెప్పాలి. జీడిమెట్లలో ఒక మందుల కంపెనీలో ఇరవై తొమ్మిదేళ్ళు పనిచేశాను. ముడిసరుకు పరీక్షించే విభాగం. డ్రమ్ము వస్తుంది, దాంతో కాగితం రావాలి. కాగితం మీద నంబరు, డ్రమ్ము మీద నంబరు ఒకటైతేనే లోపలికి. "అదే సరుకు సార్, కాగితం రేపు పంపిస్తాం" అన్నవాళ్ళను ఎందరినో గేటు నుంచే తిప్పి పంపాను. అందుకు నన్ను ఎవరూ మెచ్చుకోలేదు. అప్పటి మేనేజరుకు ఈ అంబాసిడర్ ఉండేది. ఒక వానాకాలం సాయంత్రం నేను గేటు దగ్గర తడుస్తూ బస్సు కోసం నిలబడ్డాను. కారు నా పక్కన ఆగింది. అద్దం దిగింది. ఎక్కమంటాడనుకున్నాను. ఒక ఫైలు నా చేతికిచ్చి, "రేపు పొద్దున్నే నా టేబుల్ మీద ఉండాలి, తడవకుండా చూడు" అని అద్దం ఎత్తుకుని వెళ్ళిపోయాడు. తరవాత చాలా ఏళ్ళకు కంపెనీ పాత కార్లు అమ్మేస్తుంటే దాన్ని నేనే కొన్నాను. ఎందుకు కొన్నావని అందరూ అడిగారు. మా ఆవిడ ఒక్కతే అడగలేదు, ఆమెకు తెలుసు.

కొన్నాక కారు నాకంటే ఆమెకే ఎక్కువ పనికొచ్చింది. ఆమెకు మోకాళ్ళ నొప్పి. ఇప్పటి కార్లలో సీటు మరీ కిందికి ఉంటుంది, లేదా మరీ పైకి ఉంటుంది. ఇందులో కుర్చీలో కూర్చున్నట్టు కూర్చుని, కాళ్ళు లోపలికి తిప్పుకుంటే చాలు. ప్రతి మంగళవారం మేడ్చల్లో మోకాళ్ళకు వ్యాయామం చేయించేవాళ్ళ దగ్గరికి నేనే తీసుకెళ్ళేవాణ్ణి. ముందు సీట్లో, నా ఎడమ పక్కన, చెప్పులు విడిచి కూర్చునేది. దారి పొడుగునా నేను ఎవరో ఒకరి మీద ఏదో ఒకటి చెబుతుంటే కిటికీలోంచి చూస్తూ ఊఁ కొట్టేది.

ఇప్పుడు మంగళవారాలు ఆమె ఆటోలో వెళ్తోంది. సర్వీసు రోడ్డు గుంతల్లో ఆటో ఎగిరిపడితే మోకాళ్ళకు ఏమవుతుందో నాకు తెలుసు. వచ్చాక ఆమె వేణ్ణీళ్ళ సంచి పెట్టుకుని పడుకుంటుంది. నేను పక్కగదిలో పేపరు చదువుతున్నట్టు కూర్చుంటాను. మళ్ళీ ఆమెను ఆ ముందు సీట్లో కూర్చోబెట్టాలి. ఈ ఏడు నెలల్లో నేను చేసినదంతా దానికోసమే.

ఆ రోజు ఏం జరిగిందంటే, శామీర్‌పేట అవతల మా మరదలి గృహప్రవేశం. ఉదయం తొమ్మిదింటికి ముహూర్తం. పాలు పొంగేటప్పుడు అక్క పక్కనుండాలని వాళ్ళ ఆచారం. మా ఆవిడ ఒళ్ళో చీర పెట్టె, పసుపు కుంకుమల పళ్ళెం పెట్టుకుని కూర్చుంది. చెరువు దాటాక ఎడమ ముందు చక్రం నుంచి మొదట గూఁ అని చప్పుడు, తరవాత కాలిన వాసన. బండి ఎడమకు గుంజింది. ఆపి దిగి చూస్తే చక్రం మధ్యనుంచి పొగ. లోపలి బేరింగు పట్టేసింది. సస్పెన్షన్‌కు ఎన్ని కీళ్ళున్నా, బండి బరువంతా మోస్తూ చక్రాన్ని తిరగనిచ్చేది ఆ బేరింగే. అది పోతే ఎంత మంచి కారైనా అక్కడే నిలబడాలి.

"ఏమైంది?" అంది.

"చక్రం పట్టేసింది."

"ఇప్పుడెలా? తొమ్మిది కావస్తోంది."

"నువ్వు ఆటోలో వెళ్ళు. నేను బండి దగ్గరుంటాను, లారీలు తిరిగే రోడ్డు."

"నేనొక్కదాన్నా?"

"పది నిమిషాలే కదా."

కూరగాయల గంపలతో ఇద్దరు ఆడవాళ్ళున్న షేర్ ఆటో ఒకటి ఆగింది. మా ఆవిడ చీర పెట్టె, పళ్ళెం వాళ్ళకందించింది. ఎక్కేముందు, ఇంకెప్పుడూ కారు ఎక్కనన్న ఆ మాట అంది. ఆటోలో ఆడమనిషి ఒకామె, "ఏమైందమ్మా, లొల్లి పెట్టుకున్నరా?" అనడం వినిపించింది. తరవాత ఆటో వెళ్ళిపోయింది.

ఆమె వెళ్ళేసరికి పాలు పొంగిపోయాయి. నేను కారును ఇంకో బండికి కట్టించి పంపి, అక్కడికి చేరేసరికి మధ్యాహ్నం దాటింది. మా తోడల్లుడు నన్ను చూసి, "అన్నయ్యగారొచ్చారు, వంటవాళ్ళ దగ్గర ఏమైనా మిగిలిందేమో చూడండర్రా" అని లోపలికి కేకేశాడు. పదిమందిలో. పులిహోర చల్లారిపోయింది, పెరుగు పుల్లగా ఉంది. ఆ మాట నేను మర్చిపోను.

కారును మేడ్చల్ పాత రోడ్డు పక్కనున్న షెడ్డుకు పంపాను. షెడ్డు నడిపే మెకానిక్‌ది గౌడవెల్లి. నా వయసే ఉంటుంది. అందరూ ఉస్తాద్ అంటారు, నేనూ అదే అంటాను. నాట్ల రోజుల్లో షెడ్డు తలుపు మీద సుద్దతో "పొలం కాడ ఉన్న" అని రాసి వెళ్ళిపోతాడు, ఎప్పుడొస్తాడో రాయడు. కళ్ళద్దాలకు ఒక కాడ విరిగితే దారం కట్టుకున్నాడు. నన్ను సారూ అంటాడు, ఆ వెంటనే నువ్వు అంటాడు. ఈ వైపు ఆ నువ్వులో అమర్యాద లేదని చాలామంది చెప్పారు. నాకూ తెలుసు. అయినా ప్రతిసారీ చెవికి తగులుతుంది.

చక్రం విప్పి బేరింగు బయటికి తీశాడు. ఉక్కు నీలంగా కమిలిపోయి ఉంది. లోపలి గుండ్లు రెండు పగిలాయి.

"ఎవడేసిండు సారు గిది?"

"రెండేళ్ళ కింద, కొంపల్లి వైపు ఒక షెడ్డులో."

"ఇది బేరింగు గాదు సారు. బేరింగు వేషమేసుకున్నది."

ఆ కొంపల్లి షెడ్డు సంగతి కూడా చెప్పాలి. అప్పుడు కూడా ఇదే చక్రం చప్పుడు చేసింది. మెరిసే డబ్బాలోంచి కొత్తది తీసి వేశాడు. నా అలవాటు ప్రకారం, తీసిన పాతదాన్ని తిరిగి ఇమ్మని అడిగాను. తుక్కు మీకెందుకని విసుక్కున్నాడు. పాత బనీను గుడ్డలో చుట్టి దాదాపు నా మీదికి విసిరాడు. అది డిక్కీలో ఓ మూల పెట్టాను. రేపు ఏదైనా జరిగితే ఫిర్యాదు చేయడానికి సాక్ష్యం ఉండాలి కదా.

ఉస్తాద్ చేతులు తుడుచుకుంటూ, "కొత్తది తెచ్చుకో సారు. బేరింగులు చేసే కంపెనీలు మంచిగనే చేస్తున్నయ్. గీ కొలత చెప్పు, ఇచ్చేస్తరు. జల్దీ అయిపోతది" అన్నాడు.

"బయటివాళ్ళది వద్దు. ఒరిజినల్ కావాలి."

"కారు చేసినోడు బేరింగు చేసిండా సారు? ఆడు గూడ బయటనే కొన్నడు. డబ్బా మీద ఆని పేరు గొట్టిండు, గంతే. అవ్వ పెట్టిన తొక్కును కోడలు జాడీల మార్చి, నేను పెట్టిన అన్నట్టు."

"ఆ జాడీ మీద పేరుంటే ఒక బాధ్యత ఉంటుంది."

"కారు చేసుడే బంద్ జేసిన్రు గద సారు. ఇగ ఎవని మీద ఉంటది బాధ్యత?"

అయినా ఇరవై తొమ్మిదేళ్ళు "అదే సరుకు" అన్న మాటను నమ్మకుండా బతికినవాణ్ణి, ఒక షెడ్డులో స్టూలు మీద కూర్చుని నమ్మడం మొదలుపెట్టలేను. అందులోనూ ఆ చక్రం ఎవరి పక్కది? ఎడమ ముందు చక్రం. దానికి సరిగ్గా వెనక, జానెడు దూరంలో, మా ఆవిడ కాళ్ళు పెట్టుకునే చోటు. అక్కడ ఏది పడితే అది వేయించి, ఎక్కు అని ఎలా అంటాను?

ఒరిజినల్ కోసం రాణిగంజ్ వెళ్ళాను. ఒకసారి కాదు, అయిదుసార్లు. మొదటి దుకాణంలో కుర్రగొంతుతో ఉన్న పెద్దమనిషి ఫోన్లోంచి తల ఎత్తకుండానే, "అంబాసిడరా? ఇంకా బతికుందా?" అన్నాడు. రెండో దుకాణంలో లేదని చెప్పడానికి అరగంట నిలబెట్టారు. మూడోది, నాలుగోది గుర్తు పెట్టుకోదగినంత అవమానం చేయలేదు. అయిదోసారి ఒక సందు చివర, అటక దాకా డబ్బాలున్న దుకాణంలో ముసలాయన దొరికాడు.

"ఏది గావాలె సాబ్? లోకల్ ఉన్నది, మంచి కంపెనీది ఉన్నది, ఒరిజినల్ ఉన్నది."

"ఒరిజినల్."

"ఒరిజినల్ల రెండు రకాలున్నయ్."

"ఒరిజినల్‌లో రెండు రకాలేమిటి?"

"ఒకటి ఒరిజినల్. ఇంకోటి ఒరిజినల్ డబ్బా." పక్కన టీ తాగుతున్నవాడు నవ్వాడు. ముసలాయన నవ్వలేదు. నిచ్చెనెక్కి, దుమ్ముకొట్టుకున్న డబ్బా ఒకటి దించాడు. కారు కంపెనీ ముద్ర, నంబరు, మైనపు కాగితం, అన్నీ ఉన్నాయి. నా పుస్తకంలో రాసుకున్న నంబరుతో ఒక్కొక్క అంకె పోల్చాను. సరిపోయింది. చాలాకాలం తరవాత ఒక పని సవ్యంగా జరిగిందనిపించింది. తిరుగు బస్సులో సీటు దొరకలేదు, డబ్బాను ఛాతీకి పట్టుకుని నిలబడే వచ్చాను.

ఉస్తాద్ మైనపు కాగితం ఒక మూల విప్పాడు. బేరింగును చెవి దగ్గర పెట్టుకుని తిప్పాడు. నాకిచ్చి చూడమన్నాడు. లోపలి కప్పు మీద నువ్వు గింజలంత తుప్పు చుక్కలు, ఒక పక్కకు వరసగా. గ్రీజు గట్టిపడి బెల్లంలా ఉంది.

"ఇరవై ఏండ్లు ఒక్క దిక్కే పండుకున్నది సారు. పేరు మంచిదే. సరుకు సచ్చింది."

"కడిగి కొత్త గ్రీజు పెడితే?"

"తుప్పు కడుగుతె పోతదా? నా మాటిని కొత్తది తెచ్చుకో."

అప్పటికి షెడ్డుకు రావడం తొమ్మిదోసారో పదోసారో. నడుము నొప్పి. బయట లారీలు. ఆ రోజు మంగళవారం, మా ఆవిడ ఆటోలో తిరిగొచ్చే వేళైంది. నేను వెళ్ళేసరికి ఆమె తలుపు తాళం తీసుకుని లోపలికి వెళ్ళి పడుకునుంటుంది. నాకు ఓపిక అయిపోయింది.

"ఎవరు చెప్పినా బయటిది వద్దు. ఒరిజినలే వేయి" అన్నాను.

"ఒరిజినల్ ఎయ్యాల్నా?"

"వేయి."

అతను కళ్ళద్దాల దారం సవరించుకున్నాడు. "సరే తీ. ఒరిజినలే ఏస్త. పరేషాన్ గాకు, ఇంటికి పో."

రెండు రోజుల తరవాత వెళ్ళాను. కారు బయట ఎండలో కడిగి పెట్టి ఉంది. ముందు సీటు మీద నా డబ్బా. మైనపు కాగితం మళ్ళీ మడిచి, దారంతో కట్టి ఉంది. విప్పితే బేరింగు లోపలే ఉంది.

"ఇదేమిటి ఉస్తాద్? పని కాలేదా?"

"అయింది. బండి తీస్కపో."

"బేరింగు డబ్బాలోనే ఉంది కదా. చక్రంలో ఏది వేశావు?"

"ఒరిజినల్."

"ఒరిజినల్ నా చేతిలో ఉంది!"

"గది కొత్తది సారు. కొత్తది ఒరిజినల్ ఎట్లైతది? బండితోని పుట్టింది ఒరిజినల్. నీ డిక్కీల బనీను గుడ్డల కట్టి పెట్టినవ్ జూడు, గది."

కొంపల్లి షెడ్డువాడి మీద ఫిర్యాదు కోసం దాచిన సాక్ష్యాన్ని తీసి, కిరోసిన్‌లో కడిగి, గ్రీజు పెట్టి, నా కారుకు వేశాడు. నన్ను అడగకుండా. గొంతు పెంచానని నాకు తెలుసు. పక్కనున్న పంక్చర్ దుకాణం వాళ్ళు బయటికొచ్చి చూశారు.

"నన్నడగకుండా ఎలా వేస్తావు?"

"అడిగిన గద సారు! ఒరిజినల్ ఎయ్యాల్నా అన్న. ఎయ్యి అన్నవ్."

"డబ్బాలోది అని నా ఉద్దేశం."

"దాన్ని మేం కంపెనీది అంటం. నువ్వు కంపెనీది ఎయ్యి అంటె కంపెనీదే ఏస్తుంటి. నీ ఉద్దేశం నాకేం ఎరుక?"

ఆ పాత రోడ్డు షెడ్లలో మాట అదేనట. బండితో పాటు వచ్చింది ఒరిజినల్. ముద్ర ఉన్న డబ్బాలోంచి వచ్చింది కంపెనీది. మిగతావి బయటివి. నేను ఈ ప్రాంతానికి వచ్చి ముప్పై ఏళ్ళు దాటింది. ఈ ఒక్క మాట నాకెవరూ చెప్పలేదు. పైగా నేనే ఈ ఊరి మాట నేర్చుకోలేదన్నట్టు అందరూ చూశారు.

ఉస్తాద్ జాకీ మీద చక్రం లేపి చేత్తో తిప్పాడు. చప్పుడు లేదు. తిరిగి తిరిగి తనంతట తానే ఆగింది.

"మంచి బేరింగు సారు. ఇప్పటికి గూడ గుండ్లు అద్దం లెక్క ఉన్నయ్. ఎందుకు తీపిచ్చినవ్?"

"చప్పుడొచ్చింది."

"గ్రీజు ఎండినా చప్పుడొస్తది. ముసలోల్లకు మోకాళ్ళు మోగితే కాళ్ళే మారుస్తరా?"

"ఇప్పుడు మారుస్తున్నారు" అన్నాను.

అతను పెద్దగా నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. కొంపల్లివాడు బాగున్నదాన్ని తీసి, వేషం వేసుకున్నదాన్ని వేశాడన్నమాట. ఆ రోజు వాడు గ్రీజు చాలు సార్ అన్నాడేమో, నేనే కొత్తది వేయమన్నానేమో అని ఒక అనుమానం వచ్చింది. అలా అని ఉండడు. అన్నా, నేను ఒప్పుకోకపోయి ఉంటే ఇంకోసారి చెప్పాల్సిన బాధ్యత వాడిదే.

"విప్పి డబ్బాలోది వేయి" అన్నాను.

"ఏస్త. నీ బండి, నీ ఇష్టం." పానా చేతికి తీసుకున్నాడు. "గాని ఒక మాట. ఇది మీ ఇంటామె కూసునే దిక్కు చక్రం. నువ్వే గద చెప్పినవ్, ఆమె ఎక్కుతలేదని. తుప్పు పట్టిన దాన్నేస్తె ఆమె ఏం జూసి కూసుంటది, డబ్బా మీద పేరు సదువుకుంటనా?"

నేను స్టూలు మీద కూర్చున్నాను. అతను పానా పట్టుకుని నిలబడే ఉన్నాడు, తొందర పెట్టలేదు. నా జీవితంలో కాగితం లేని సరుకును లోపలికి రానిచ్చింది అదొక్కసారే. "ఉండనీ" అన్నాను. డబ్బాను అక్కడే వదిలేయబోయి, మళ్ళీ తీసుకున్నాను.

"నమ్మకు సారు. నన్ను గూడ నమ్మకు. రోజు శామీర్‌పేట దాక పోయి రా. దిగి, చక్రం నడుమ చెయ్యి పెట్టి సూడు. కాలిందనుకో, నా షెడ్డుకు తాళమేసి గౌడవెల్లి పోయి పొలం జేసుకుంట."

పదిహేను రోజులు అదే చేశాను. ఉదయం టిఫిన్ తరవాత బయల్దేరి, గుంతలన్నీ దాటుకుని, సరిగ్గా ఆ రోజు ఆగిన చోటే బండి ఆపేవాణ్ణి. దిగి చక్రం మధ్య అరచెయ్యి పెట్టేవాణ్ణి. మొదటి రోజు చెయ్యి పెట్టడానికే భయమేసింది. గోరువెచ్చగా ఉంది. కుడి చక్రం కూడా అంతే వెచ్చగా ఉంది. రోజూ రెండింటినీ చూశాను. చేపలు అమ్ముకునేవాళ్ళు మొదట్లో వింతగా చూశారు. తరవాత ఒకామె, "ఏం సారు, జొరం తగ్గిందా?" అని అడగడం మొదలుపెట్టింది. వెటకారమే. కానీ అడిగింది ఆమె ఒక్కతే.

పదహారో రోజు మా ఆవిడకు చెప్పాను. వంటింట్లో చిక్కుడుకాయలు ఒలుస్తోంది. పీట లాక్కుని కూర్చుని మొదటినుంచీ చెప్పాను. వేషం వేసుకున్న బేరింగు, రాణిగంజ్, తుప్పు చుక్కలు, బనీను గుడ్డ, ఒరిజినల్ అన్న మాటకు ఇక్కడున్న అర్థం, పదిహేను రోజుల పరీక్ష. చాలాసేపు పట్టింది. కాయలు అయిపోతే ఈనెలు పోగుచేసింది.

"అయిపోయిందా?" అంది.

"అయిపోయింది. ఇంక భయం లేదు. వచ్చే మంగళవారం నుంచి కార్లోనే వెళ్దాం."

"భయమని ఎవరన్నారు?"

నాకు అర్థం కాలేదు.

"చక్రం పట్టేసినందుకు నాకేం కోపమండీ? యంత్రం, పట్టేస్తుంది. నేనొక్కదాన్నా అని అడిగాను. మీరు చక్రాన్ని చూస్తూ పది నిమిషాలే కదా అన్నారు. నా వైపు చూడనైనా లేదు."

"అది లారీలు తిరిగే రోడ్డు. అలా వదిలేసి ఎలా..."

"నన్ను వదిలేశారుగా." గొంతు పెంచలేదు. పెంచి ఉంటే నాకు తేలికయ్యేది. "గంపల మధ్య కూర్చుని వెళ్ళాను. వాళ్ళు మంచివాళ్ళు, పళ్ళెం ఒలకకుండా పట్టుకున్నారు. చెల్లెలి గుమ్మంలో దిగితే పాలు పొంగిపోయి, గిన్నె దించేశారు. బావగారేరీ అని ఒకళ్ళ తరవాత ఒకళ్ళు. కారు దగ్గరున్నారని చెప్పాను. ప్రతిసారీ నవ్వారు. అరడజను సార్లు చెప్పాను నేను, ఆ మాట."

తోడల్లుడు పులిహోర గురించి అన్న మాట నాకు ఏడు నెలలుగా అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. ఇంటికొచ్చాక ఎన్నిసార్లు చెప్పుకున్నానో. ఆమె వింది, ఊఁ కొట్టింది. ఆమెనేమన్నారో నేను ఒక్కసారి కూడా అడగలేదు. అడగాలని కూడా తోచలేదు.

"మళ్ళీ అలా ఆగిపోతే, తాళం వేసి నాతో వస్తారా?" అంది.

వస్తానని వెంటనే అనాల్సింది. ఎవరైనా అంటారు. కానీ నాకు అబద్ధం చెప్పడం అలవాటు లేదు. నిజంగానే ఆలోచించాను. ఎక్కడ ఆగుతుంది, నీడ ఉంటుందా, డిక్కీ తాళం సరిగా పడటం లేదు కదా, అని. ఆ ఆలోచన ఎంతసేపు పట్టిందో కానీ, ఆమె చిక్కుడుకాయల గిన్నె తీసుకుని లేచింది.

"అదిగో, ఆలోచిస్తున్నారు" అంది. కోపంగా అనలేదు. అలిసిపోయి అంది.

ఆ తరవాత మంగళవారం ఆటో గేటు దగ్గర హారన్ కొట్టింది. ఆమె సంచి తీసుకుని మెట్లు దిగుతుంటే నేను చొక్కా వేసుకుని వెనకే వెళ్ళాను.

"మీరెక్కడికి?"

"మేడ్చల్."

"కార్లోనా?"

"ఆటోలో."

అప్పటికే లోపల ఒకావిడ, ఒక సిమెంటు బస్తా ఉన్నాయి. మా ఆవిడ లోపలికి జరిగింది. నాకు సగం సీటు దొరికింది. "సారు, కాలు లోపల్కి పెట్టుకో, కంటైనర్లు గీకుతయ్" అన్నాడు డ్రైవరు. పెట్టుకున్నాను. మొదటి గుంతకే ఆమె చెయ్యి మోకాలి మీదికి వెళ్ళింది. రెండో గుంతకు ముందుగానే పళ్ళు బిగించింది. ఇన్ని నెలలూ ప్రతి మంగళవారం రెండుసార్లు ఇదే. నేను పక్కగదిలో పేపరు పట్టుకుని ఊహించింది వేరు, ఇది వేరు. డ్రైవర్ను మెల్లిగా పొమ్మన్నాను. "ఇంకా మెల్లగ పోతె దిగి నడుస్తె మంచిగుంటది సారు" అన్నాడు. వాడి బండి నంబరు చూసుకోవాలనిపించింది. చూసుకోలేదు.

అయిదు మంగళవారాలయ్యాయి. అయిదుసార్లూ ఆటోలోనే వెళ్ళాం. వ్యాయామం అయ్యేదాకా బయట బల్ల మీద కూర్చుంటాను. మా వరస ముందున్నా మీరు ఆగండంటూ వేరేవాళ్ళను పంపే రిసెప్షన్ అమ్మాయిని చూస్తూ కూర్చుంటాను. కారు రోజూ ఉదయం స్టార్ట్ చేస్తున్నాను, చక్రం నిశ్శబ్దంగా తిరుగుతోంది. ఎక్కమని మళ్ళీ అడగలేదు. నిన్న ఆమే, ఆటో దిగి నా భుజం పట్టుకుని మెట్లెక్కుతూ, డిక్కీ తాళం బాగు చేయించారా అని అడిగింది. ఇంకా లేదన్నాను. చేయించండి అంది. వచ్చే మంగళవారం మాత్రం ఆటోయే అంది.

సరేనన్నాను.